బాటర్‌సీ నార్త్ ఎన్నికల చరిత్ర: సక్లత్వాలా ఎలా గెలిచాడు, ఎందుకు ఓడాడు?

తుంగభద్ర
అందరికీ నమస్కారం. బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన తొలి భారతీయుల మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలన్నీ ఒకే తోవలో నడుస్తాయి. 1892లో ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి దాదాభాయి నౌరోజీ 3 ఓట్ల తేడాతో గెలిచాడు, 1895లో బెత్నల్ గ్రీన్ నార్త్ ఈస్ట్ నుంచి మంచేర్జీ భావ్‌నగ్రీ, 1922లో బాటర్‌సీ నార్త్ నుంచి షాపూర్జీ సక్లత్వాలా. ముగ్గురూ పార్సీలే. ఒకరు లిబరల్, ఒకరు కన్సర్వేటివ్, ఒకరు లేబర్ మద్దతుతో నిలబడ్డ కమ్యూనిస్టు. అంతటితో వ్యాసం అయిపోతుంది.

నాకు కావలసింది ఆ నియోజకవర్గం కథ. లండన్ కార్మికులు బొంబాయిలో పుట్టిన మనిషిని, అందులోనూ కమ్యూనిస్టుని, ఒకసారి కాదు రెండుసార్లు ఎందుకు గెలిపించారు? 1929 తర్వాత మళ్లీ ఎందుకు గెలిపించలేదు? అక్కడి ఓట్ల లెక్కలు, మునుపటి ఎంపీలు, తర్వాతి ఎంపీలు తెలిసినవాళ్లు రాయండి. దయచేసి "ఆంగ్లేయుల విశాల హృదయం" అనే జవాబు మాత్రం వద్దు. దానితో ఏ ఎన్నికా అర్థం కాదు.

నైన్ ఎల్మ్స్ శ్రీను
తుంగభద్ర గారూ, నేను ఉండేది ఆ ప్రాంతంలోనే, కాబట్టి ముందు నేల గురించి రాస్తాను.

బాటర్‌సీ అంటే థేమ్స్ నదికి దక్షిణం ఒడ్డు. ఇప్పుడు నైన్ ఎల్మ్స్ వైపు వస్తే అద్దాల మేడలు, 2018లో తెరిచిన అమెరికా రాయబార కార్యాలయం, 2022లో షాపింగ్ మాల్‌గా మారిన పాత పవర్ స్టేషన్ కనిపిస్తాయి. ఆ పవర్ స్టేషన్ పని మొదలైందే 1929లో. అంటే సక్లత్వాలా ఎంపీగా ఉన్నప్పుడు ఆ నాలుగు చిమ్నీలు లేవు. ఉన్నవి రైల్వే యార్డులు, గ్యాస్ కంపెనీ, ప్రైస్ వాళ్ల కొవ్వొత్తుల ఫ్యాక్టరీ, మోర్గాన్ వాళ్ల మూసల ఫ్యాక్టరీ, వాటి చుట్టూ ఇరుకు ఇళ్లలో కార్మిక కుటుంబాలు. దక్షిణంగా క్లాఫమ్ వైపు పోయేకొద్దీ గుమస్తాలు, కాస్త కలిగినవాళ్లు. 1918లో బాటర్‌సీని నార్త్, సౌత్ అని రెండుగా చీల్చినప్పుడు నదికి దగ్గరున్న కార్మిక వాడలన్నీ నార్త్‌లోకి వచ్చాయి. ఈ సరిహద్దు గీతే కథకు పునాది అని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. లాచ్‌మియర్ కాలనీ అని ఒకటుంది. 1903లో బరో కౌన్సిల్, అంటే అక్కడి పురపాలక సంఘం, కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా తన సొంత కూలీలతోనే కట్టించిన కార్మికుల ఇళ్లు. అక్కడి వీధుల పేర్లు ఈరోజుకీ రిఫార్మ్ స్ట్రీట్, ఫ్రీడమ్ స్ట్రీట్, జూబర్ట్ స్ట్రీట్. జూబర్ట్ ఎవరంటే దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంతో పోరాడిన బోయర్ సేనాని! తమ దేశం యుద్ధం చేసిన సేనాని పేరును తమ వీధికి పెట్టుకున్న ఊరు అది. సక్లత్వాలా రావడానికి 20 ఏళ్ల ముందే సామ్రాజ్యాన్ని ప్రశ్నించడం అక్కడ అలవాటు.

ఉషారాణి కె
శ్రీను గారు చెప్పినదానికి మనుషుల్ని కలుపుతాను.

విభజనకు ముందు బాటర్‌సీ అంటే జాన్ బర్న్స్. 1889 లండన్ రేవు కార్మికుల సమ్మె నాయకుల్లో ఒకడు. 1892లో ఎంపీ అయ్యాడు, 1905లో కేబినెట్ మంత్రి అయ్యాడు, 1914లో ప్రపంచ యుద్ధంలోకి దిగడం ఇష్టంలేక మంత్రి పదవి వదిలేశాడు. 1918 దాకా ఆ సీటు ఆయనదే.

1913లో బరో కౌన్సిల్ జాన్ ఆర్చర్‌ను మేయర్‌గా ఎన్నుకుంది. లివర్‌పూల్‌లో పుట్టినవాడు, తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన నల్లజాతీయుడు. లండన్‌లో ఒక నల్లజాతి మనిషి మేయర్ కావడం అదే మొదలు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

1918 డిసెంబర్ ఎన్నికల్లో బాటర్‌సీ నార్త్ లేబర్ అభ్యర్థి షార్లెట్ డెస్పార్డ్. వయసు 74. మహిళల ఓటు హక్కు కోసం జైలుకెళ్లిన మనిషి, నైన్ ఎల్మ్స్ పేదవాడల్లో ఏళ్ల తరబడి పనిచేసింది, యుద్ధానికి వ్యతిరేకి. ఆమె సొంత తమ్ముడు జాన్ ఫ్రెంచ్ ఆ యుద్ధంలోనే బ్రిటిష్ సేనాధిపతి. మహిళలు పార్లమెంటుకు పోటీ చేయగలిగిన మొట్టమొదటి సాధారణ ఎన్నిక అది. దేశం మొత్తం మీద 17 మంది మహిళలు నిలబడితే ఆమె ఒకరు. యుద్ధం గెలిచిన ఊపులో జరిగిన ఎన్నిక కాబట్టి లిబరల్ అభ్యర్థి రిచర్డ్ మోరిస్ చేతిలో ఓడిపోయింది. అయినా అలాంటి సమయంలో అలాంటి మనిషికి టికెట్ ఇచ్చిన స్థానిక లేబర్ శాఖ ధైర్యం చూడండి. 1922లో అదే శాఖ సక్లత్వాలాను ఎంచుకుంది. ఆయన ఎన్నికల ఏజెంటు ఎవరనుకున్నారు? జాన్ ఆర్చరే.

లెక్కల మాస్టారు
ఇక అంకెలకు వద్దాం. అంకెలు పక్కన పెట్టుకోకపోతే ఈ చర్చ ఎటో వెళ్లిపోతుంది.

1922 నవంబర్ 15: సక్లత్వాలా 11,311. నేషనల్ లిబరల్ (లిబరల్ పార్టీలో లాయిడ్ జార్జ్ వర్గం) హెన్రీ హాగ్‌బిన్ 9,290. ఇంకో లిబరల్‌కు 1,756.

1923 డిసెంబర్ 6: హాగ్‌బిన్, ఈసారి లిబరల్‌గా, 12,527. సక్లత్వాలా 12,341. తేడా 186.

1924 అక్టోబర్ 29: సక్లత్వాలా 15,096. హాగ్‌బిన్, ఈసారి కాన్‌స్టిట్యూషనలిస్ట్ పేరుతో, కన్సర్వేటివ్‌ల మద్దతుతో, 14,554. తేడా 542.

1929 మే 30: లేబర్ అభ్యర్థి స్టీఫెన్ సాండర్స్ 13,265. కన్సర్వేటివ్ ఆర్థర్ మార్స్‌డెన్ 10,833. సక్లత్వాలా 6,554. నాలుగోవాడు లిబరల్.

1931 అక్టోబర్ 27: మార్స్‌డెన్ గెలుపు. సక్లత్వాలాకు 3,021.

ఇప్పుడు గమనించండి. 1922లో ప్రత్యర్థులు ఇద్దరి ఓట్లూ కలిపితే 11,046. సక్లత్వాలాకు వచ్చింది అంతకన్నా 265 ఎక్కువ. అంటే త్రిముఖ పోటీలో ఓట్లు చీలి గెలిచాడనడం తప్పు. పోలైన ఓట్లలో సగానికి పైగా ఆయనవే. 1924లోనూ దాదాపు 51 శాతం. ఇంకో విషయం, 1923లో ఓడినప్పుడు కూడా ఆయన ఓట్లు 1,030 పెరిగాయి. అవతలివాళ్లు ఒక్కటయ్యారు, అంతే.

సీలేరు
మాస్టారూ, లెక్క బాగుంది. కానీ ఒక సందేహం. ఈయన జంషెడ్జీ టాటా మేనల్లుడు కదా. డబ్బూ పలుకుబడీ ఉన్న కుటుంబం. నౌరోజీ, భావ్‌నగ్రీ కూడా పలుకుబడి ఉన్నవాళ్లే. లండన్‌లో అప్పటికే పైస్థాయిలో పరిచయాలున్న పార్సీలు గెలిచారు, అంతకుమించి ఏముంది?

పాత బెజవాడ
సీలేరు గారూ, పరిచయాలే గెలిపించేవైతే ఆయన లేబర్ దాకా రావాల్సిన పనే లేదు. 1905లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు సక్లత్వాలా మొదట తిరిగింది లిబరల్ పెద్దల క్లబ్బులోనే. అది నచ్చక 1909లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీలో చేరాడు. 1921లో కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్లాడు. ప్రతి అడుగూ పలుకుబడికి దూరంగానే పడింది. టాటాల కొలువు కూడా చివరికి వదులుకున్నాడు.

బ్రిటన్‌లో జౌళి కార్మికుడి కూలీ, బొంబాయి మిల్లు కార్మికుడి కూలీ వేరువేరు సమస్యలు కావని ఆయన సభ సభలో చెప్పేవాడు. బొంబాయిలో అగ్గువకు పనిచేయించుకునే యజమానే ఇక్కడ నీ జీతం కోస్తాడు అని. అది దానధర్మాల భాష కాదు, నీ కడుపుకీ నా కడుపుకీ ముడి ఉందని చెప్పే మాట. రైల్వే యార్డులో పనిచేసేవాడికి అది అర్థమవుతుంది. ఐరిష్ ఓటర్లు కూడా అక్కడ బాగానే ఉండేవాళ్లు. ఐర్లండ్ విషయంలో ఆయన లేబర్ నాయకత్వం కన్నా ముందుకు వెళ్లి మాట్లాడాడు.

లెక్కల మాస్టారు
1924 గురించి ఇంకొంచెం చెప్పాలి. నా దృష్టిలో అసలు ఆశ్చర్యం 1922 కాదు, 1924.

ఆ ఏడాది లేబర్ పార్టీ మహాసభ కమ్యూనిస్టులు లేబర్ అభ్యర్థులుగా నిలబడకూడదని తీర్మానం చేసింది. మన భాషలో బి-ఫారం ఇవ్వలేదన్నమాట. సక్లత్వాలా కమ్యూనిస్టుగానే నిలబడ్డాడు. పోలింగ్‌కు సరిగ్గా నాలుగు రోజుల ముందు, అక్టోబర్ 25న, డైలీ మెయిల్ పత్రిక సోవియట్ నాయకుడు జినోవియెవ్ పేరుతో ఉన్న ఉత్తరాన్ని అచ్చేసింది. మాస్కో నుంచి బ్రిటిష్ కమ్యూనిస్టులకు విప్లవ ఆదేశాలంటూ వచ్చిన ఆ ఉత్తరం నకిలీదని తర్వాత తేలింది. దేశమంతా ఎర్ర భయం, కన్సర్వేటివ్‌ల ప్రభంజనం. ఆ గాలిలో ఒక్కడంటే ఒక్క కమ్యూనిస్టు గెలిచాడు. అది బాటర్‌సీ నార్త్‌లో. పైగా 1923 కన్నా 2,755 ఓట్లు ఎక్కువ తెచ్చుకున్నాడు.

ఎలా? స్థానిక లేబర్ శాఖ ఆయన మీద వేరే అభ్యర్థిని పెట్టలేదు. ట్రేడ్స్ కౌన్సిల్ (స్థానిక కార్మిక సంఘాల ఉమ్మడి మండలి), యూనియన్లు, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు, అందరూ ఆయన వెంటే ఉన్నారు. ఇక్కడ మన పాఠకులు పట్టించుకోని ముక్క ఒకటుంది: అప్పట్లో బ్యాలెట్ కాగితం మీద పార్టీ పేరు ఉండేది కాదు. గుర్తు సంగతి సరేసరి. అభ్యర్థి పేరు, చిరునామా, వృత్తి, అంతే. పార్టీ పేరు అచ్చవడం 1970 ఎన్నికతో మొదలైంది. కాబట్టి మన పార్టీ మనిషి ఎవరో ఓటరుకు చెప్పేది వీధిలో కరపత్రం పంచే కార్యకర్తే. ఆ కార్యకర్త ఎవరి వైపు ఉంటే సీటు వాళ్లది.

సీలేరు
అయితే 1929లో కార్యకర్త అటు పోయాడు, సీటు పోయింది. అంతేనా?

ఉషారాణి కె
చాలావరకు అంతే. కమ్యూనిస్టులను బయటికి పంపాలన్న తీర్మానాలను అమలు చేయనందుకు 1926లో జాతీయ లేబర్ పార్టీ బాటర్‌సీ శాఖ గుర్తింపునే రద్దు చేసింది. దాని స్థానంలో విధేయులతో కొత్త శాఖ పెట్టారు. జాన్ ఆర్చర్ ఆ కొత్త శాఖ వైపు వెళ్లాడు. 1929లో సాండర్స్ గెలుపు కోసం పనిచేసిన ఏజెంటు ఆయనే. ఏడేళ్ల ముందు సక్లత్వాలాను గెలిపించిన చేతులే అవి.

నేను ఆర్చర్‌ని తప్పుపట్టను. ఆయన జీవితమంతా లేబర్ సంస్థను కట్టడంలోనే గడిచింది. కమ్యూనిస్టు పార్టీ ఆ సమయానికి లేబర్‌ను కూడా శత్రువుగానే చూడాలనే పంథా తీసుకుంది. లేబర్ వేదిక ఎక్కి గెలిచిన మనిషి ఇప్పుడు లేబర్‌ను తిట్టాల్సి వచ్చింది. సామాన్య ఓటరు ఎటు పోవాలి?

పాత బెజవాడ
ఉషారాణి గారు ఆర్చర్ పక్షాన చెప్పారు, నేను సక్లత్వాలా పక్షాన చెబుతాను.

1926 మే 1న హైడ్ పార్క్ సభలో, గని కార్మికుల మీద తుపాకీ ఎత్తవద్దని సైనికులను కోరినందుకు రాజద్రోహం కేసు పెట్టారు. మంచి నడవడికకు పూచీ ఇస్తే వదిలేస్తామన్నారు. ఇవ్వనన్నాడు. సిట్టింగ్ ఎంపీ రెండు నెలలు వర్మ్‌వుడ్ స్క్రబ్స్ జైల్లో ఉన్నాడు. 1927లో భారతదేశం వచ్చి ఊరూరా సభల్లో మాట్లాడాడు, గాంధీతో ఖాదీ మీద, కార్మికోద్యమం మీద బహిరంగ లేఖల్లో వాదించాడు. తిరిగి వెళ్లాక ఆయన మళ్లీ భారతదేశంలో అడుగుపెట్టకుండా ప్రభుత్వం నిషేధించింది. పుట్టిన దేశానికి రానివ్వని ఎంపీ! అంతకుముందే 1925లో అంతర్జాతీయ పార్లమెంటరీ సమావేశానికి వెళ్లబోతే అమెరికా ఇచ్చిన వీసాను రద్దు చేసింది. శ్రీను గారు చెప్పిన ఆ రాయబార కార్యాలయం ఈరోజు ఆయన పాత నియోజకవర్గంలోనే ఉండటం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది.

ఇన్ని చేసిన మనిషి 1929లో టికెట్ కోసం తల వంచలేదు. ఓడిపోయాడు. ఆ ఓటమిని కేవలం సంస్థాగత లెక్కగా చూడటం నాకు మింగుడుపడదు.

లెక్కల మాస్టారు
బెజవాడ గారూ, మీ బాధ అర్థమైంది. మీకు తోడుగా ఒక అంకె ఇస్తాను. 1929లో కమ్యూనిస్టు పార్టీ దేశంలో 25 చోట్ల పోటీ చేసింది. అన్నిచోట్లా కలిపి వచ్చినవి దాదాపు 50 వేల ఓట్లు, అంటే సగటున చోటుకు 2 వేలు. బాటర్‌సీ నార్త్‌లో ఒక్క సక్లత్వాలాకే 6,554. సగటుకు మూడింతలు. ఆ అదనపు ఓట్లు ఆయన సొంతం. యంత్రాంగం మొత్తం అవతలికి పోయినా, 1928 చట్టంతో 21 ఏళ్లు నిండిన మహిళలందరికీ ఓటు వచ్చి కొత్త ఓటర్లు వేలల్లో చేరినా, ఆరు వేల మంది ఆయన పేరు వెతుక్కుని గీత పెట్టారు.

అయితే 15,096లో 6,554 తీసేస్తే 8,542. అవి సంస్థ ఓట్లు, లేబర్ అనే మాటకు పడ్డ ఓట్లు. సాండర్స్, సక్లత్వాలా ఓట్లు కలిపితే 19,819. వామపక్షం బలం తగ్గలేదు, పెరిగింది. చీలినా సీటు లేబర్‌కే దక్కిందంటే అక్కడి కార్మిక ఓటు ఎంత గట్టిదో ఊహించండి. అందుకే తుంగభద్ర గారి ప్రశ్నకు నా జవాబు ఇది: భారతీయుడని గెలిపించలేదు, భారతీయుడని ఓడించలేదు. లేబర్ మనిషిగా గెలిచాడు, ఆ ముద్ర పోయాక ఓడాడు.

విశాఖ రాధ
మాస్టారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. బాటర్‌సీలో జాతి అడ్డు కాలేదేమో, ఆ తర్వాత దేశంలో జరిగింది చూడండి. 1929లో సక్లత్వాలా సభ వదిలాడు. భారత మూలాలున్న మనిషి మళ్లీ లేబర్ ఎంపీ అయింది 1987లో, లెస్టర్ ఈస్ట్ నుంచి కీత్ వాజ్. మధ్యలో 58 ఏళ్లు! సంస్థే గెలిపిస్తుందనుకుంటే, ఆ 58 ఏళ్లూ గెలిచే సీట్లలో అభ్యర్థులుగా ఎవరిని నిలబెట్టాలో నిర్ణయించింది కూడా సంస్థే. అది నన్ను కలవరపెడుతుంది. బాటర్‌సీ శాఖ చేసిన పని మిగతా శాఖలు ఎందుకు చేయలేదు?

ఉషారాణి కె
రాధా, ఇది చాలా ముఖ్యమైన మాట. బాటర్‌సీలో అభ్యర్థిని ఎంచుకున్నది స్థానిక కార్మిక సంఘాలు. బర్న్స్, డెస్పార్డ్, ఆర్చర్, సక్లత్వాలా, ఈ నలుగురూ ఆ స్థానిక స్వేచ్ఛలోంచే వచ్చారు. 1926లో ఆ శాఖను రద్దు చేయడంతో పోయింది ఒక్క సక్లత్వాలా సీటే కాదని నాకు అనిపిస్తుంది.

తుంగభద్ర
ఎంత సమాచారం! అందరికీ కృతజ్ఞతలు. తర్వాత ఆ సీటు ఏమైంది?

నైన్ ఎల్మ్స్ శ్రీను
గబగబా చెప్పేస్తాను. 1931లో గెలిచిన మార్స్‌డెన్ నావికాదళం మనిషి. 1916 జట్లండ్ సముద్రయుద్ధంలో ఆయన నడిపిన ఆర్డెంట్ అనే ఓడ మునిగిపోతే బతికి బయటపడింది ఇద్దరే, అందులో ఈయన ఒకడు. ఆ ఎన్నికలో సక్లత్వాలాకు డిపాజిట్ కూడా దక్కలేదు. అప్పటి నిబంధన ప్రకారం 150 పౌండ్లు కట్టి, పోలైన ఓట్లలో ఎనిమిదో వంతు తెచ్చుకోవాలి. 1935లో సాండర్స్ మళ్లీ గెలిచాడు. సక్లత్వాలా 1936 జనవరిలో చనిపోయాడు. ఆ తర్వాత స్పెయిన్‌లో ఫ్రాంకో మీద పోరాడటానికి వెళ్లిన బ్రిటిష్ దళానికి ఆయన పేరు పెట్టుకున్నారు.

1940 ఉపఎన్నికలో లేబర్ తరఫున ఫ్రాన్సిస్ డగ్లస్ వచ్చాడు. ఆయన్ని మాల్టా గవర్నర్‌గా పంపడంతో 1946లో మరో ఉపఎన్నిక. అప్పుడు గెలిచిన డగ్లస్ జే 1983లో నియోజకవర్గం రద్దయ్యేదాకా, అంటే 37 ఏళ్లు, ఎంపీ.

1983లో నార్త్, సౌత్ కలిసి మళ్లీ ఒకే బాటర్‌సీ అయింది. దాని తొలి ఎంపీ ఆల్ఫ్ డబ్స్, లేబర్. ఆరేళ్ల పిల్లవాడిగా నాజీల నుంచి తప్పించి ప్రాగ్ నుంచి రైల్లో బ్రిటన్‌కు పంపిన పిల్లల్లో ఒకడు. 1987లో ఆయన 857 ఓట్లతో ఓడిపోయాడు. అప్పటికి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, నది ఒడ్డు ఇళ్ల ధరలు పెరిగాయి, కొత్తగా వచ్చిన ఉద్యోగులు కన్సర్వేటివ్ జాన్ బోవిస్‌ను గెలిపించారు. 1997లో లేబర్ మార్టిన్ లింటన్. 2005లో ఆయనకు మిగిలిన మెజారిటీ 163, అంటే 1923 నాటి 186 కన్నా తక్కువ! 2010లో కన్సర్వేటివ్ జేన్ ఎల్లిసన్. 2017లో లేబర్ మార్షా డి కార్డోవా 2,416 ఓట్లతో సీటు తిరిగి తెచ్చింది, 2024లో మెజారిటీ 12 వేలు దాటించింది. ఆమె చూపు చాలా తక్కువున్న, జమైకా మూలాలున్న మహిళ. మధ్యలో మారింది కార్మికవాడ స్వభావం. ఇప్పటి లేబర్ ఓటులో అద్దెకుండే యువ ఉద్యోగులు, యూరప్‌తో కలిసి ఉండాలనుకున్నవాళ్లు చాలామంది.

సీలేరు
శ్రీను గారూ, ఒక్క ప్రశ్న. మా తమ్ముడు వర్క్ వీసా మీద లండన్‌లో ఉన్నాడు, పాస్‌పోర్ట్ ఇండియాదే. అక్కడ ఎన్నికల్లో ఓటు వేయొచ్చా? వేయకూడదని వాడి స్నేహితులు అంటున్నారట.

నైన్ ఎల్మ్స్ శ్రీను
నిక్షేపంగా వేయొచ్చు. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్‌వెల్త్ దేశాల పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది, భారత పౌరులు అందులోకి వస్తారు. 18 నిండి ఉండాలి, ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోవాలి. అది తనంతట తాను జరగదు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. పోలింగ్ కేంద్రంలో ఫోటో గుర్తింపు చూపాలి, సాధారణ ఎన్నికల్లో 2024 నుంచి ఈ నియమం వచ్చింది. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక ఓటు వదులుకుంటున్నారు. మీ తమ్ముడికి ఈరోజే చెప్పండి.

విశాఖ రాధ
శ్రీను గారూ, లాచ్‌మియర్ వీధుల ఫోటోలు మీ దగ్గరుంటే ఇక్కడ పెట్టగలరా? మా కాలేజీలో రాజనీతిశాస్త్రం పిల్లలకు ఈ నియోజకవర్గాన్నే పాఠంగా చెప్పాలనుకుంటున్నాను. మాస్టారూ, 1922 నుంచి 1931 దాకా మీరిచ్చిన అంకెలు పట్టికగా వేసుకుంటాను, అభ్యంతరం లేదు కదా?

లెక్కల మాస్టారు
అభ్యంతరం దేనికమ్మా, వేసుకోండి. 1929 పక్కన ఓటర్ల సంఖ్య ఎందుకు పెరిగిందో కూడా రాయించండి. 1924తో నేరుగా పోల్చి పిల్లలు పొరబడకుండా ఉంటారు.